బావగారు తాగి ఉన్నారని కారెక్కలేదు, ఇప్పుడు ఇంట్లో దోషిని నేనే

ఉప్పల్_మాధవి
చెప్పుకుంటే చిన్న విషయమే, మా ఇంట్లో మాత్రం వారం దాటినా చల్లారలేదు. మా ఆయన పిన్నిగారి అబ్బాయి రిసెప్షన్ జనగామలో. ఆయనకు సెలవు దొరక్క నేనూ పిల్లలూ బావగారి కారులో వెళ్లాం. ఫంక్షన్ హాలు వెనకాల మామూలే, డిక్కీ తెరిచి పెట్టుకుని మగాళ్లంతా అక్కడే. బయల్దేరే వేళకి బావగారి మాట తేడాగా ఉంది, నడక ఇంకా తేడాగా ఉంది. "నాకు లైసెన్సుంది, నేను నడుపుతాను బావగారూ" అన్నాను. "మరదలు నడుపుతుంటే నేను పక్కన కూర్చోవాలా?" అన్నారాయన. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. మా తోటికోడలు కూడా "ఆయనకిది అలవాటేలే, ఏం కాదు, ఎక్కు" అంది. నేను ఎక్కలేదు. పిల్లల్ని తీసుకుని ఆటోలో బస్టాండుకు వెళ్లి ఉప్పల్ బస్సెక్కాను.

వాళ్లూ క్షేమంగా ఇల్లు చేరారు. అదే ఇప్పుడు నా మీద సాక్ష్యం. "ఏమైంది? ఏమీ కాలేదుగా! నలుగురిలో వాడి పరువు తీశావు" అని అత్తయ్య నాతో మాట్లాడటం మానేశారు. మా ఆయనేమో ఫోనులో "నువ్వు చేసింది కరెక్టే, కాస్త నెమ్మదిగా చెప్పాల్సింది" అంటాడు. తాగి కారు తీసినాయన్ని మాత్రం ఒక్కరూ ఒక్క మాట అనలేదు. వచ్చే నెల అందరం ఇదే కారులో యాదగిరిగుట్ట వెళ్లాలట. మీ ఇళ్లలో ఇలాంటప్పుడు ఏం చేస్తారు?

ఓరుగల్లు_పోరడు
మంచిగ చేసినవ్ అక్కా. టికెట్ పైసలు కూడ మిగిలినయ్, ఆడోళ్లకు ఫ్రీ బస్సు మహాలక్ష్మి ఉండనే ఉండె.

గోదారి_గట్టు
మీకు బస్సయినా ఉందండి. మా వైపు పల్లెలో రాత్రి తొమ్మిది దాటాక పెళ్లి నుంచి ఇంటికి రావాలంటే తాగినోడి బండో, బాగా తాగినోడి బండో.

బెజవాడ_బాబాయ్
మీ బావగారిది తప్పే, కాదనను. కానీ అమ్మాయ్, చుట్టాలందరి ముందూ కాకుండా పక్కకి పిలిచి చెప్పుంటే వినేవాడేమో. ఇంకో సంగతి. అలవాటున్నవాడికీ లేనివాడికీ తేడా ఉంటుంది. నేను ముప్పై ఏళ్లుగా రెండు పెగ్గులేసుకుని స్కూటరూ నడిపాను, కారూ నడిపాను. బండి మీద గీత కూడా పడలేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మీ బండి మీద పడలేదు, సరే. మిమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్నవాళ్లు మీ లెక్కలో లేరు బాబాయ్ గారూ.

కాకినాడ_కాజా
సిస్టర్ మొదటి బంతికే వికెట్.

ఉప్పల్_మాధవి
@బెజవాడ_బాబాయ్ పక్కకి పిలిచి చెప్పడానికి ఆయన పక్కకి వస్తే కదండీ. నేను నెమ్మదిగానే అడిగాను. గట్టిగా నవ్వింది వాళ్లు.

డిపో_అబ్బాయి
మా నాన్న ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. డ్యూటీ ఎక్కేముందు డిపోలో మిషనులో ఊదాలి, అది తప్పితే స్టీరింగు ఇవ్వరు. ఏళ్లతరబడి సర్వీసున్న మనిషి కూడా అందరి ముందూ లైన్లో నిలబడి ఊదాల్సిందే. ఆయన ఏనాడూ దాన్ని అవమానం అనుకోలేదు. "వెనకాల యాభైమంది కూర్చుంటారురా" అనేవారు. మరి కుటుంబాన్ని ఎక్కించుకున్న బావగారిని "నేను నడపనా" అని అడగ్గానే పరువెక్కడికి పోయింది? ఆర్టీసీ డ్రైవరుకి లేని పరువు సొంత కారున్నాయనకి ఎక్కడినుంచి వచ్చింది?

కోర్టు_పక్షి
కొన్ని సంగతులు చెప్తాను, ఇంట్లో వినిపించుకోండి.

మోటారు వాహనాల చట్టం 185 సెక్షను. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15,000, రెండేళ్ల దాకా జైలు. అంతకుముందు మొదటిసారికి ఇది 2,000 రూపాయల దాకానే. చాలామంది ఇంకా ఆ రెండువేల కాలంలోనే ఉన్నారు. "నేను ఊదను" అని మొండికేసినా లాభం లేదు. కారణం లేకుండా ఊదనంటే అది కోర్టులో మీకే వ్యతిరేకంగా పనిచేస్తుంది, 205 చూడండి.

మాధవి గారికి పనికొచ్చేది 188. తాగి నడపడాన్ని ప్రోత్సహించినవాళ్లకి కూడా అదే శిక్ష. అంటే "ఏం కాదులే, పోనీ" అని తాళంచెవి చేతిలో పెట్టే బావమరుదులు, ఎగదోసే చుట్టాలు కూడా చట్టం కంట్లో పడొచ్చు. కేసులు తక్కువే పెడతారు, కానీ సెక్షను ఉంది.

ఓరుగల్లు_పోరడు
గట్లయితె మా ఊళ్లె పెండ్లికి వచ్చినోళ్లందరు లోపలికే. పెండ్లికొడుకు ఒక్కడే మిగులుతడు. వాడు గూడ డౌటే.

సికింద్రాబాద్_సీను
మా తమ్ముడు పోయినేడాది బేగంపేట దగ్గర దొరికాడు. రీడింగు వంద దాటింది. జరిమానా సంగతి వాడికి పట్టలేదు, కట్టేస్తా అన్నాడు. వాడు బెదిరిపోయింది కౌన్సెలింగుకి. కోర్టుకి పోయే ముందు ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చోబెడతారు, ఇంట్లోవాళ్లని ఒకరిని వెంట తీసుకురావాలి. పెళ్లికాని వాడైతే అమ్మో నాన్నో, పెళ్లయితే భార్య. మా నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన్ని తీసుకుపోవడం కన్నా జైలు నయం అన్నాడు. నన్ను రమ్మన్నాడు, నేను రానన్నా. ఆఖరికి నాన్నే వెళ్లారు. అక్కడ ప్రమాదాల వీడియోలు వేస్తారు. నాన్న బయటికొచ్చి ఒక్క మాట కూడా అనకుండా ఆటో ఎక్కి వచ్చేశారు. ఆ మౌనం జరిమానా కంటే గట్టిగా పనిచేసింది. ఇప్పటికీ వాడు తాగుతాడు, బండి మాత్రం ఇంట్లో పెట్టి పోతాడు.

కాకినాడ_కాజా
కౌన్సెలింగుకి బాబాయిలని అద్దెకిచ్చే వ్యాపారం పెడితే? గంటకింత. బెజవాడ బాబాయ్ గారు ఖాళీగానే ఉన్నట్టున్నారు.

బెజవాడ_బాబాయ్
నవ్వండి నవ్వండి. మీరంతా హైదరాబాద్ లెక్కలు చెప్తున్నారు. పోలీసులు బార్ బయట రోడ్డు మలుపులో నిలబడతారు. బార్‌కి లైసెన్సిచ్చి ఫీజు తీసుకునేది ప్రభుత్వం, పార్కింగు పెట్టనిచ్చేది ప్రభుత్వం, బయటికి రాగానే ఊదించేదీ అదే ప్రభుత్వం. కారులో వచ్చి తాగినవాడు ఎగిరిపోతాడా?

కోర్టు_పక్షి
ఈ పాయింటులో బాబాయ్ గారితో ఏకీభవిస్తాను. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్లలోపు మద్యం షాపులు ఉండకూడదంది. 2017 మార్చిలో చిన్న ఊళ్లకి 220 మీటర్లకి తగ్గించింది, తర్వాత మున్సిపాలిటీల పరిధిలోని షాపులకి ఊరటిచ్చింది. దాబా వెనకాల ఏం జరుగుతుందో హైవే మీద తిరిగేవాళ్లకి తెలుసు. తాగే చోటికీ ఇంటికీ మధ్య ప్రయాణం గురించి ఎవరూ ఆలోచించలేదు. అలాగని బావగారికి అది సాకు కాదు. ఆ రాత్రి కారులో లైసెన్సున్న, తాగని మనిషి ఉంది.

లెక్కల_మాస్టారు
అందరూ మందు మీదే పడ్డారు. కేంద్ర రవాణా శాఖ 2022 నివేదిక తీయండి. ఆ ఏడు రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో ఉన్నాయి. మద్యం, మత్తుపదార్థాలు కలిపినా రెండు మూడు శాతం మధ్యే. హెల్మెట్ లేకుండా, రాంగ్ రూటులో వచ్చేవాణ్ని వదిలేసి రెండు పెగ్గులేసుకుని నలభైలో పోయేవాణ్ని పట్టుకుంటే లాభమేంటి?

డిపో_అబ్బాయి
రెండు పెగ్గులేసుకున్నవాడు నలభైలో పోతాడని ఎవరు చెప్పారు మాస్టారూ?

నైట్‌డ్యూటీ_సిస్టర్
@లెక్కల_మాస్టారు ఆ రెండు శాతం ఎలా తయారవుతుందో నేను చెప్తాను. ఎమర్జెన్సీలో రాత్రి డ్యూటీలు చేస్తాను. ఊరూ ఆస్పత్రీ వద్దు. శనివారం పదకొండు దాటాక వచ్చే యాక్సిడెంటు కేసులు చూడాలి మీరు. మనిషి స్ట్రెచర్ మీద ఉంటాడు, చొక్కా నిండా వాసన. వెంట వచ్చినాయన నా చెవి దగ్గరికొచ్చి "సిస్టర్, షీటులో మందు సంగతి రాయకండి" అంటాడు. బ్లడ్ గ్రూపు అడిగేలోపే ఈ మాట. ఎందుకంటే తాగి నడిపినట్టు తేలితే బీమా డబ్బు రాదని. తలకి కుట్లు పడకముందే అందరికీ ఆ రూలు గుర్తుకొస్తుంది. కాబట్టి తెలియక తాగి నడుపుతున్నారనేది ఒట్టిమాట. అందరికీ అంతా తెలుసు. ఒక్కోసారి పెద్దమనుషుల ఫోన్లు కూడా వస్తాయి. రక్తం తీయడం ఆలస్యమయ్యే కొద్దీ అందులో ఉన్నది తగ్గిపోతుంది, ఆ సంగతీ తెలిసినవాళ్లుంటారు.

2024లో పూణే పోర్షే కేసు గుర్తుందిగా? మైనరు కుర్రాడు నడిపిన కారు గుద్ది ఇద్దరు పోతే ముందు 300 పదాల వ్యాసం రాయమని బెయిలిచ్చారు. ఆ తర్వాత ఆస్పత్రిలో అతని రక్తం శాంపిలే మార్చేశారని బయటపడి డాక్టర్లు అరెస్టయ్యారు. దేశమంతా చూస్తున్న కేసులో అలా జరిగితే మామూలు కేసుల్లో కాగితం మీద మందు గడి ఎవరు నింపుతారు?

కోర్టు_పక్షి
దీనికో ముక్క కలుపుతాను. తాగి 120లో పోయి గుద్దినవాడి రికార్డులో "అతివేగం" అని రాస్తే అది అబద్ధం కాదు. కారణం ఒక్కటే రాయాలంటే కంటికి కనిపించేదే రాస్తారు. మందు పరీక్ష జరిగితేనే కదా కాగితం మీదికొచ్చేది.

లెక్కల_మాస్టారు
సరే, అది ఒప్పుకుంటాను. లెక్క తక్కువ చూపిస్తుండొచ్చు. ఎంత తక్కువో మీరూ చెప్పలేరు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చెప్పలేను. వార్డులో కళ్లారా చూస్తాను, అంతే.

బాబాయ్ గారి "అలవాటు" గురించి కూడా చెప్పేస్తాను. అలవాటున్నవాడు తూలడు, అంతవరకే. రక్తంలో ఉండేది తగ్గదు. ఎదురుగా గేదె వస్తే కాలు బ్రేకు మీదికి వెళ్లే టైము అలవాటుతో బాగుపడదు. పైగా తూలట్లేదు కాబట్టి "నేను బాగానే ఉన్నా" అనే ధైర్యం వస్తుంది, అదే ఎక్కువ ప్రమాదం. లివరు గంటకి సుమారు ఒక చిన్న పెగ్గు కరిగిస్తుంది. దాన్ని తొందరపెట్టేది ఏదీ లేదు. మజ్జిగ, నిమ్మరసం, బ్లాక్ కాఫీ, తలస్నానం, ఏవీ పనిచెయ్యవు. రాత్రి ఒంటిగంట దాకా గట్టిగా పట్టించి పొద్దున్న పిల్లల్ని బడిలో దింపే నాన్నలు కూడా ఊదితే దొరకొచ్చు.

కాకినాడ_కాజా
పచ్చి ఉల్లిపాయ నమిలితే మిషను కనిపెట్టలేదంటారు, నిజమేనా? ఫ్రెండు కోసం అడుగుతున్నా.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మిషను కొలిచేది ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిలో ఆల్కహాలుని, నోటి వాసనని కాదు. ఉల్లిపాయ నమిలితే పోలీసాయన రెండడుగులు వెనక్కి వేస్తాడు. రీడింగు అంతే ఉంటుంది.

యాక్టింగ్_డ్రైవరన్న
నేను యాక్టింగ్ డ్రైవర్‌ని, అంటె ఓనర్ల కార్లనే కిరాయికి నడిపేటోణ్ని, జూబ్లీహిల్స్ గచ్చిబౌలి దిక్కు ఎక్కువ పోత. సార్లు మస్తు పిలుస్తరు. ఈ పది పన్నెండేండ్లల గిరాకి బాగ పెరిగింది. కాని ఒక మాట చెప్త. ఆళ్లకు భయం యాక్సిడెంటుకు కాదు, ఊదుడుకు. చెకింగ్ దాటంగనె "తమ్మీ, ఇంగ ఇక్కడ ఆపు, ఇంటికి రెండు కిలోమీటర్లే, నేను పోత" అంటరు. పైసలు చేతిల పెట్టి దించేస్తరు. నడిరాత్రి రోడ్డు మీద నేను ఏడికి పోవాలె? సరే, నా సంగతి పక్కకు పెట్టుండ్రి. ఆ రెండు కిలోమీటర్ల రోడ్డు మీద పండుకున్నోళ్లు, ఊడ్చేటోళ్లు ఉండరా?

ఇంకో రకం ఉంటరు. ముంగట చెకింగ్ కనబడంగనె కారు పక్కకు ఆపి భార్యను స్టీరింగ్ కాడ కూసోబెడతరు. ఒకామెకు క్లచ్ ఏదో బ్రేక్ ఏదో తెల్వది. నేను ఎనుక బండి మీద ఉండి చూసిన, పోలీసోళ్ల బ్యారికేడుకు తగిలించింది.

ఉప్పల్_మాధవి
చెకింగ్ ఉంటే భార్య నడపొచ్చు. చెకింగ్ లేకపోతే మరదలు నడిపితే పరువు తక్కువ. అర్థమైంది.

ఓరుగల్లు_పోరడు
అక్క పంచ్.

రాత్రి_రాజా
ఇవాళ కూకట్‌పల్లి వైపు చెకింగ్ ఎక్కడుందో ఎవరైనా

మోడరేటర్
చెకింగ్ పాయింట్లు అడిగే, చెప్పే పోస్టులు తీసేస్తాం. పై పోస్టు మాత్రం ఉంచుతున్నాను, ఈ చర్చలోకి వచ్చి ఇదే అడగడం చూసి నాకు నోట మాట రాలేదు.

ప్లానో_ప్రసాద్
డాలస్ పక్కన ఉంటాను. ఇక్కడ మనవాళ్లలో ఇది చాలా ఉంది, ఎవరూ బయటికి చెప్పుకోరు. బస్సుల్లేవు, శనివారం ఎవరో ఒకరింట్లో పార్టీ, అందరూ కార్లే. టెక్సాస్‌లో పరిమితి 0.08, అంటే ఇండియా లెక్కలో 80. ఇండియాకన్నా ఎక్కువే కదా అని ధైర్యం. కానీ దొరికితే మొదటిసారికే కనీసం మూడు రోజుల జైలు నుంచి ఆరు నెలల దాకా శిక్ష ఉంది. 15 ఏళ్లలోపు పిల్లలు కారులో ఉంటే అది ఫెలనీ, అంటే పెద్ద నేరం. మాధవి గారి బావగారు ఇక్కడుంటే ఆ రాత్రి పిల్లల వల్లే జీవితం తారుమారయ్యేది.

వీసా మీద ఉన్నవాళ్లకి ఇంకో దెబ్బ. నేరం రుజువు కానక్కర్లేదు, అరెస్టయితే చాలు, వీసా రద్దు చేశామని కాన్సులేట్ నుంచి మెయిల్ వస్తుంది. దేశంలో ఉన్నన్నాళ్లు పర్వాలేదు, అమ్మకి బాలేదని ఇండియా వెళ్తే మళ్లీ స్టాంపింగు, దానికి ముందు డాక్టరు పరీక్ష. మా అపార్టుమెంటులో ఒక కుర్రాడు చెల్లెలి పెళ్లికి వెళ్లకుండా ఉండిపోయాడు. ఇంట్లో ప్రాజెక్టు రిలీజని చెప్పాడు. ఇప్పటికీ వాళ్లకి అసలు సంగతి తెలియదు.

అందుకే ఇక్కడ పార్టీలకి వెళ్తే తిరిగొచ్చేటప్పుడు ఆడవాళ్లే నడుపుతారు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఉప్పల్_మాధవి
అదే బావగారు మీ ఊరొస్తే భార్య పక్కన బుద్ధిగా కూర్చుంటారన్నమాట!

ప్లానో_ప్రసాద్
కూర్చుంటారు. వెనక సీటులోంచి "లెఫ్ట్ తిప్పు, రైట్ తిప్పు" అంటూనే ఉంటారు, అది మారదు.

మెల్‌బోర్న్_మణి
ఇక్కడ పరిమితి 0.05. పోలీసులు ఊరికే రోడ్డు మధ్యలో ఆపి వచ్చిన ప్రతివాణ్నీ ఊదమంటారు. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకెళ్తుంటే నన్నూ ఆపారు. విక్టోరియాలో ఈ పద్ధతి 1976 నుంచి ఉంది. మన దగ్గర ఎక్కువగా శుక్ర, శని రాత్రుల్లో ఉంటుందని జనం లెక్క, అందుకే ఆ రెండు రాత్రులే జాగ్రత్త. ఇక్కడ ఎప్పుడు ఎక్కడ ఆపుతారో తెలీదు. దొరికినవాడు ఆఫీసులో చెప్పుకోలేడు. మన దగ్గర దొరికినవాడు "నిన్న రీడింగు ఎంతొచ్చిందో తెలుసా" అని ఫ్రెండ్స్‌కి చూపిస్తాడు.

సికింద్రాబాద్_సీను
నిజం. మా తమ్ముడి గ్రూపులో ఎవరి రీడింగు ఎక్కువో పోటీ. పదోక్లాసు మార్కులకి అంత సంబరపడలేదు వాళ్లు.

బెజవాడ_బాబాయ్
అందరూ నన్ను విలన్ని చేశారు కాబట్టి చెప్తున్నా. తాగి నడిపేవాడు ముందు తన ప్రాణం మీదికే తెచ్చుకుంటాడు. అది వాడి ఖర్మ. అందరికీ జైలంటే ఎట్లా?

డిపో_అబ్బాయి
చిన్నటేకూరు మర్చిపోయారా బాబాయ్? 2025 అక్టోబరు, కర్నూలు దగ్గర. బైకు కుర్రాడు తాగి డివైడర్ని గుద్ది పోయాడు. మీరన్నట్టు తన ప్రాణం మీదికే తెచ్చుకున్నాడు. బైకు రోడ్డు మీద పడి ఉంది. వెనకాల హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు దాని మీదికొచ్చి ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. అందులో వాళ్ల తప్పేముంది? మా నాన్న ఆ వార్త చూసి టీవీ కట్టేసి లోపలికెళ్లిపోయారు, సర్వీసంతా ఆ రోడ్డు మీదే ఆయన.

ఓరుగల్లు_పోరడు
2016ల పంజాగుట్ట కూడ యాదికి తెచ్చుకోండ్రి. పట్టపగలు బార్ల తాగిన ఇంజనీరింగ్ పోరగాళ్ల కారు డివైడర్ దుంకి అవతలి కారు మీద పడ్డది. బడి నుంచి ఇంటికొస్తున్న చిన్నపాప, ఆమె ఇంటోళ్లు పోయిండ్రు. 21 ఏండ్లు నిండనోళ్లకు బార్ల ఎట్ల పోసిండ్రని అప్పుడు మస్తు లొల్లి అయింది. తర్వాత అంత సల్లబడ్డది.

బెజవాడ_బాబాయ్
బస్సు సంగతిలో బస్సు తప్పూ ఉంది, తలుపులు తెరుచుకోలేదన్నారు. అన్నీ ఒక్కడి నెత్తిన రుద్దకండి. అప్పుడు హైదరాబాద్ పోలీసు కమిషనర్‌గా ఉన్న సజ్జనార్ గారైతే తాగి నడిపేవాళ్లని ఉగ్రవాదులన్నారు. అదీ మరీ ఎక్కువే.

కోర్టు_పక్షి
ఉగ్రవాదులనడం నాకూ నచ్చలేదు. ఎందుకంటే ఉగ్రవాదిని ఎవరూ పెళ్లికి పిలిచి బిర్యానీ పెట్టరు. ఇతను మన ఇంటి మనిషి, అసలు చిక్కు అక్కడే ఉంది. చట్టం దగ్గర మాటలు ఉన్నాయి. భారతీయ న్యాయ సంహితలో, ప్రాణం పోతే నిర్లక్ష్యం కింద 106, అయిదేళ్ల దాకా జైలు. ప్రాణం పోవచ్చని తెలిసే చేశాడంటే 105, పదేళ్ల దాకా. తాగి నడిపిన కేసుల్లో రెండోది పెట్టడం ఇప్పుడు పెరిగింది. అలాగే బీమా సంగతి. తాగి నడిపినట్టు తేలితే సొంత కారు రిపేరుకి కంపెనీ డబ్బివ్వదు. అవతలివాళ్లకి చాలా కేసుల్లో ముందు కంపెనీతో ఇప్పించి తర్వాత కారు ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటారు. అంటే పొలం అమ్మాల్సిందే.

ఒకటి మాత్రం జనానికి తెలియదు. 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది, తాగి దొరికితే బండి ఊరికే లాగేసుకోకూడదు, పక్కనున్న తాగనివాళ్లకి గానీ, ఫోను చేస్తే వచ్చే చుట్టాలకి గానీ ఇచ్చెయ్యాలి. పోలీసు కూడా తాళంచెవి ఇచ్చేది మాధవి గారికే.

ఉప్పల్_మాధవి
ఇది మా ఆయనకి ఫార్వర్డ్ చేశాను.

ఇంకో సంగతి చెప్పనా వద్దా అని ఆలోచిస్తున్నాను. నిన్న మధ్యాహ్నం మా తోటికోడలు ఫోను చేసింది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఆ రాత్రి ఆలేరు దాటాక లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని ఆఖరి క్షణంలో చూశారట. కారు పక్కకి కోసి మట్టిలోకి దిగిపోయి ఆగిందట. ఇంటికొచ్చాక ఈ మాట ఎవరికీ చెప్పొద్దన్నారట. "మరి నన్నెందుకు ఎక్కమన్నావక్కా?" అని అడిగాను. "నువ్వూ ఎక్కకపోతే నేను కూడా దిగాల్సొచ్చేది. నేను దిగితే ఇంటికెళ్లాక నా గతేంటి? నీకు మీ ఆయన కరెక్టే అన్నాడు, నాకు ఎవరంటారు?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. తను కూడా నవ్విందని ఇన్నాళ్లూ కోపంగా ఉన్నాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇలాంటివాళ్లని వార్డులో రోజూ చూస్తాను. మొగుడు స్ట్రెచర్ మీద ఉంటాడు, ఆవిడ చెయ్యి విరిగి పక్కన కూర్చుని "ఆయన తాగలేదండీ" అంటుంది. తాగాడని నాకూ తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

మాధవి గారూ, గుట్టకి ముందే యాక్టింగ్ డ్రైవర్ని మాట్లాడేయండి. "దర్శనానికి అందరం హాయిగా కూర్చుని వెళ్దాం" అనండి. మందు మాటే ఎత్తొద్దు.

డిపో_అబ్బాయి
అలా దాచిపెట్టి, బుజ్జగించి ఎన్నాళ్లు? ఆయన పరువు కాపాడటానికి ఈవిడ జేబు ఖాళీ చేసుకోవాలా? బావగారు పైసలిస్తే అది వేరు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మీరు చెప్పేది న్యాయం. నేను చెప్పేది పిల్లలు వెనక సీట్లో ఉన్న ప్రయాణం గురించి.

సికింద్రాబాద్_సీను
ఇద్దరూ కరెక్టే. మా ఇంట్లో మాత్రం ఒక పద్ధతి పెట్టాం. ఫంక్షనుకి బయల్దేరేటప్పుడే ఎవరు తాగరో తేల్చి తాళంచెవి వాళ్లకిచ్చేస్తాం. మందు పడ్డాక అడిగితే గొడవే. ముందే అడిగితే అందరూ పెద్దమనుషులే.

బెజవాడ_బాబాయ్
ఇది బాగుంది. మా ఇంట్లో అయితే ఆ తాళంచెవి ప్రతిసారీ మా అల్లుడికే పోతుంది, వాడు తాగడు. పాపం వాడికి ఫంక్షనంటేనే విసుగొచ్చేస్తుంది.

కాకినాడ_కాజా
బాబాయ్ మెల్లగా పార్టీ మారుతున్నారు.

బెజవాడ_బాబాయ్
మారలేదు. రెండు పెగ్గుల మాట మీదే ఉన్నా. నడిపేది అల్లుడు, అంతే.

గోదారి_గట్టు
మీరంతా కార్ల గురించి, డ్రైవర్ల గురించి మాట్లాడుతున్నారు. భీమవరం దగ్గర పల్లె మాది. ఇక్కడ ఊదించేవాడు లేడు, యాక్టింగ్ డ్రైవరు లేడు, క్యాబు లేదు. బెల్టు షాపు మాత్రం ఉంది. మా మామగారు రోజూ రాత్రి బండి మీద చెరువుగట్టున వస్తారు, లైటు కూడా సరిగ్గా వెలగదు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరి దగ్గరే ఉంటారు, ఆ మూడు రాత్రులూ మా ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. ఏం చెయ్యమంటారు? అరవై దాటిన మనిషి, ఎవరి మాటా వినడు.

ఓరుగల్లు_పోరడు
మా అమ్మ చేసిన పని చెప్త. బాపు బండి ప్లగ్గు క్యాపు పీకి బియ్యం డబ్బాల ఏసేది. కిక్కు కొట్టి కొట్టి పండుకునేటోడు.

గోదారి_గట్టు
అదీ చేశామండి. పక్కింటోళ్ల బండి అడిగి తీసుకెళ్లారు. వాళ్లూ కాదనలేదు, "పెద్దాయన అడిగితే ఎలా ఇవ్వను" అన్నారు.

కోర్టు_పక్షి
ఆ పక్కింటాయనకే 188 సరిగ్గా వర్తిస్తుంది. తాగి ఉన్నాడని తెలిసీ బండి ఇచ్చాడు. కేసు పెట్టమనడం లేదు, సంగతి తెలిస్తే ఇంకోసారి ఆలోచిస్తాడు. కావాలంటే సెక్షను తెలుగులో నాలుగు లైన్లు రాసిస్తాను, బెల్టు షాపు పక్క గోడ మీద అంటించండి.

గోదారి_గట్టు
రాసివ్వండి. గోడ మాత్రం కుదరదు. ఆ గోడ మా ఊరి పెద్దమనిషిది, షాపూ ఆయనదే. మొన్న రోడ్డు భద్రత ర్యాలీలో ముందు నడిచిందీ ఆయనే.